ప్రజా రవాణాలో సమన్యాయము: పంచాయతీ సభ్యులకొక పాఠము

గ్రామమునకు తారు రోడ్డు పడిన నాడు ఊరంతయు సంతోషించును. సంతోషింపవలసినదే. కాని రోడ్డు వేరు, ప్రయాణము వేరు. మోటారు సైకిలు గలవానికి రోడ్డు పడగానే ప్రయాణము సులభమైనది. అది లేని వృద్ధురాలికి, పొరుగూరి ఉన్నత పాఠశాలకు పోవలసిన బాలికకు, ఒకనాటి కూలి వదలుకొని ఆసుపత్రికి పోవు శ్రామికునికి రోడ్డు పడినంత మాత్రమున దూరము తగ్గలేదు. ఆ రోడ్డుపై బస్సు వచ్చిన నాడే వారికి దూరము తగ్గును.

2000వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఆరంభమైనది. మైదాన ప్రాంతములలో 500, కొండ ప్రాంతములలోను గిరిజన ప్రాంతములలోను 250 జనాభా గల ఆవాసములకు అన్ని ఋతువులలో నడువదగిన రోడ్లు వేయవలెనని దాని లక్ష్యము. దేశములో వేలకొలది ఆవాసములకు ఇట్లు రోడ్లు వచ్చినవి. ఇక రెండవ ప్రశ్న మిగిలినది. ఆ రోడ్లపై ఏమి నడచుచున్నది? అందులో ఎవరు ఎక్కగలుగుచున్నారు? ఈ పాఠము ఆ రెండవ ప్రశ్నను గూర్చినది.

బస్సులు నడుపుట పంచాయతీ పని కాదు, మనకేమి సంబంధమని కొందరు సభ్యులు అనవచ్చును. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ వలన రాజ్యాంగమునకు 11వ షెడ్యూలు చేరినది. పంచాయతీలకు అప్పగింపదగినవని అందు పేర్కొన్న 29 విషయములలో 13వది రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, రేవులు, జలమార్గములు, ఇతర రాకపోకల సాధనములు. బస్సు నడుపునది వేరొకరైనను, ఊరిలో ఎవరికి ఏ వేళ ఎచటికి పోవలసియున్నదో తెలిసినది పంచాయతీకే. ఆ తెలిసిన సంగతిని సక్రమముగా చెప్పుట పంచాయతీ బాధ్యత.

సమానము వేరు, సమన్యాయము వేరు

ఊరికొక బస్సు చొప్పున పంచినచో అది సమానము. కాని 500 ఇండ్ల గ్రామమునకు, 40 ఇండ్ల తండాకు ఒకే విధముగా పంచుట సాధ్యము కాదు, న్యాయమును కాదు. జనము ఎక్కువగా నున్నచోటికే బస్సులన్నియు పోవలెనన్నచో చిన్న ఆవాసములకు ఎన్నటికిని బస్సు రాదు. అదియు న్యాయము కాదు.

రాజ్యాంగము 38వ అధికరణము రెండవ ఖండములో వ్యక్తుల మధ్యనే కాక, వేర్వేరు ప్రాంతములలో నివసించు జనసముదాయముల మధ్యను గల అసమానతలను తొలగించుటకు రాజ్యము యత్నింపవలెనని ఆదేశించినది. కావున ప్రజా రవాణాలో సమన్యాయమును కొలుచుటకు బస్సుల లెక్క చాలదు. వేరు దారి లేని మనిషి తన అవసరమునకు పోయి, పొద్దు గ్రుంకకముందు ఇల్లు చేరగలుగుచున్నదా లేదా అనునదే కొలబద్ద. ఈ కొలబద్దను పట్టుకొని ఇక ముందు చెప్పు ఆరు సూత్రములను పరిశీలింతము.

చట్టములోని రెండు మాటలు

సూత్రములకు పూర్వము కొంత చరిత్ర తెలిసికొనుట మంచిది. హైదరాబాదు సంస్థానములో నిజాము రాష్ట్ర రైలు, రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో ప్రజా రవాణాను ప్రారంభించినది. స్వాతంత్ర్యానంతరము 1950లో పార్లమెంటు రోడ్డు రవాణా సంస్థల చట్టమును చేసినది. ఆ చట్టము క్రింద 1958 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన అనంతరము రెండు రాష్ట్రములకు వేర్వేరు సంస్థలైనవి. ఆంధ్రప్రదేశ్‌లో సంస్థ ఉద్యోగులు 2020 జనవరి 1వ తేదీ నుండి ప్రభుత్వ ప్రజా రవాణా శాఖ ఉద్యోగులైరి.

1950 నాటి చట్టములో రెండు సెక్షనులను పంచాయతీ సభ్యులు తప్పక గుర్తుంచుకొనవలెను. 18వ సెక్షను ప్రకారము సమర్థమైన, చాలినంతయైన, పొదుపైన, చక్కగా సమన్వయింపబడిన రోడ్డు రవాణాను రాష్ట్రములో క్రమక్రమముగా ఏర్పరచుట సంస్థ విధి. 22వ సెక్షను ప్రకారము సంస్థ వ్యాపార సూత్రములపై నడువవలెను. ఇవి ఒక కాడికి కట్టిన రెండు ఎడ్లు. ఒకటి ప్రజల అవసరము వైపు, రెండవది జమాఖర్చుల వైపు నడచును. డిపోకు పోయి బస్సు కావలెనని అడిగినపుడు అధికారి ఆదాయమును గూర్చి ప్రశ్నించినచో అతడు మనకు విరోధి యని తలపరాదు. అతడు 22వ సెక్షనును చెప్పుచున్నాడు. మనము 18వ సెక్షనును చెప్పవలెను. అంతేకాక 22వ సెక్షనుకు సమాధానము కూడ సిద్ధము చేసికొని పోవలెను. దానికి కావలసిన సాధనములే ఈ సూత్రములు.

మొదటి సూత్రము: గత్యంతరము లేనివారు ముందు

పంచాయతీ సమావేశములో కూర్చున్నవారిలో క్రిందటి వారము బస్సెక్కినవారెందరు? ఈ ప్రశ్న నిష్ఠురముగా తోచవచ్చును గాని అడుగక తప్పదు. సొంత వాహనము గలవారే సాధారణముగా సభలకు వత్తురు, వారే మాటలాడుదురు. బస్సుపై ఆధారపడినవారు ఆ వేళ పొలములోనో, పనిలోనో, వంటయింటనో ఉందురు. వారి పక్షమున మాటలాడువారు లేనందున "మా ఊరికి బస్సు సమస్య లేదు" అని పుస్తకములో వ్రాయబడును.

మన రెండు రాష్ట్రములలో పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడినవి. ఈ విషయములో మహిళా సభ్యుల మాటకు విశేషమైన విలువ కలదు. ఇంటిలో ఒకే బండి యున్నచో అది ఎక్కువగా పురుషుని చేతిలో నుండును. నెలలు నిండిన కోడలిని పరీక్షకు కొనిపోవలసినది అత్తగారు. బిడ్డకు టీకా వేయింపవలసినది తల్లి. కావున ఇంటిలో బండి యున్నంత మాత్రమున ఆ యింటిలోని వారందరికి వాహనము కలదని లెక్కింపరాదు.

రెండవ సూత్రము: ప్రతి ఆవాసమునకు కనీసపు పోక, రాక

ముందు ప్రతి ఆవాసమునకు దినమునకొక పోక, ఒక రాక ఉండవలెను. మిగిలిన ట్రిప్పులను జనసంఖ్యను బట్టి పంచవలెను. ఇంటిలో అన్నము వడ్డించునపుడు అందరి విస్తళ్లలో కొంత వడ్డించిన తరువాతనే ఆకలి గలవారికి మారు వడ్డింతుము గదా! పద్ధతి అదే. బస్సు తిరుగుటకు వీలు లేని ఇరుకు దారియైనచో, బస్సు ఆగు కూడలి వరకు వేళకు వచ్చు ఆటోనైనను ఏర్పాటు చేయవలెను. ఆటో నడుపువారు మన ఊరి యువకులే. బస్సుకు పోటీగా కాక, బస్సుకు జనమును చేర్చు సాధనముగా వారిని ఉపయోగించుకొన్నచో ఉభయులకు లాభము.

మూడవ సూత్రము: వేళ తప్పిన బస్సు లేని బస్సే

దినమునకు నాలుగు ట్రిప్పులు గలవని కాగితముపై ఉండవచ్చును. పాఠశాల తొమ్మిది గంటలకైనపుడు బస్సు పదింటికి వచ్చినచో అది ఆ బాలికకు లేనట్లే. సాయంకాలము చివరి బస్సు పాఠశాల విడువకముందే పోయినచో మరింత హాని. ఉదయము పోవుటకు బస్సు కలిగియు, సాయంకాలము తిరిగివచ్చుటకు లేనిచో తల్లిదండ్రులు కొన్నాళ్లు ఓర్చి, చీకటి పడిన తరువాత ఎదురుచూడలేక, బాలికను చదువు మాన్పింతురు. పరీక్షలో తప్పినందున కాదు, బస్సు తప్పినందున చదువు నిలిచిపోవును. పంచాయతీ పుస్తకములలో ఈ నష్టము ఎచటను కనబడదు.

కావున వేళను అడుగునపుడు పోవు వేళను, వచ్చు వేళను జంటగా అడుగవలెను. పాఠశాల పెట్టు వేళ, విడుచు వేళ, ఆసుపత్రిలో రోగులను చూచు వేళ, సంత దినము, కూలీలు పనికి చేరవలసిన వేళ - వీటిని వ్రాసి ఇచ్చినచో డిపోవారికి కాలపట్టిక తయారు చేయుట సులభమగును.

నాలుగవ సూత్రము: గౌరవము, భద్రత

బస్సులో కూర్చుండు చోటును బట్టి మనిషిని తక్కువ చేయుట ప్రపంచములో పలుచోట్ల జరిగినది. అమెరికాలో అలబామా రాష్ట్రమందలి మాంట్‌గోమరీ పట్టణములో నల్లజాతివారు తెల్లవారికి సీటు విడువవలసియుండెను. 1955 డిసెంబరు 1వ తేదీన రోజా పార్క్స్ అను కుట్టుపని చేయు స్త్రీ తన సీటు విడువక అరెస్టయినది. డిసెంబరు 5వ తేదీ నుండి ఆ పట్టణపు నల్లజాతి ప్రజలు 381 దినములు బస్సెక్కక నడచిపోయిరి. 1956లో ఆ దేశపు సుప్రీంకోర్టు అట్టి వేర్పాటు చెల్లదని తేల్చిన పిదప, డిసెంబరు 20వ తేదీన ఆ నిరసన ముగిసినది. ఛార్జీ ఒకటే యైనను గౌరవము ఒకటి కానిచో అది సమన్యాయము కాదని ఆ ప్రజలు నిరూపించిరి.

మన దేశములోను అట్టి అవమానములుండుట వలననే చట్టములు చేయవలసివచ్చినది. ఆనాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు చేరియున్న మద్రాసు రాజధానిలో 1938లో పౌర అనర్హతల నిర్మూలన చట్టము వచ్చినది. 1955లో పార్లమెంటు చేసిన అస్పృశ్యతా నేరముల చట్టము ప్రకారము, అస్పృశ్యత కారణముగా ఎవరినైనను ప్రజా వాహనమును వాడుకొననీయకుండుట శిక్షార్హమైన నేరము. ఆ చట్టమునే 1976 నుండి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని వ్యవహరించుచున్నాము. ఇపుడు పంచాయతీ చూడవలసినది మరియొకటి కలదు. బస్సు ఎచట ఆగుచున్నది? ఊరి నడిబొడ్డున రావిచెట్టు క్రింద ఆగి, దళితవాడ ముందు ఆగక పోవుచున్నదా? ఆగు స్థలమును నిర్ణయించునపుడు ఈ భేదము రాకుండ చూడవలెను.

వికలాంగుల విషయము కూడ ఇట్టిదే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 41వ సెక్షను ప్రకారము బస్సు స్టాపులలోను, వాహనములలోను వారికి అనువైన సౌకర్యములు కల్పించుట ప్రభుత్వముల విధి. బస్సు మెట్టును తగ్గించుట పంచాయతీ చేతిలో లేదు. కాని బస్సు ఆగు చోట నేల నుండి మెట్టంత ఎత్తున చిన్న అరుగు కట్టుట మన చేతిలోనే ఉన్నది. ఆ అరుగు వలన వికలాంగునికే కాక వృద్ధులకు, గర్భిణులకు, చంటిబిడ్డల తల్లులకు మేలు.

భద్రతను గూర్చి ఒక దుఃఖకరమైన సంఘటనను జ్ఞాపకము చేయవలసియున్నది. 2018 సెప్టెంబరు 11వ తేదీన తెలంగాణములోని జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాటు రోడ్డుపై బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. వారిలో అధికులు చుట్టుపట్ల పల్లెలవారే. ఆ బస్సులో పరిమితికి మించి జనము ఎక్కియుండిరి. తరువాతి బస్సు ఎపుడు వచ్చునో తెలియనపుడు, వచ్చిన బస్సును ఎవరు విడుతురు? కిక్కిరిసిన బస్సును చూచి జనమును మాత్రమే నిందించుట తగదు. చాలినన్ని బస్సులు లేకుండుటయే అచట మొదటి ప్రమాదము.

డ్రైవరు, కండక్టరుల విశ్రాంతి కూడ భద్రతలో భాగమే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము సాధారణముగా దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు పనివేళలుగా నిర్ణయించినది. మన ఊరికి ఇంకొక ట్రిప్పు కావలెనని అడుగునపుడు, అలసిన డ్రైవరుచే దానిని నడిపింపవలెనని మనము కోరరాదు.

ఐదవ సూత్రము: ఖర్చును పంచుకొనుట

పల్లెకు పోవు బస్సులో అన్ని వేళల జనముండరు. డీజిలు ఖర్చు, జీతములు మాత్రము తగ్గవు. అందువలన పెద్ద పట్టణముల మధ్య నిండుగా నడచు రూట్లలో వచ్చిన మిగులు పల్లె రూట్లలో వచ్చు లోటును కొంత పూడ్చవలసియుండును. లాభము వచ్చు రూట్లను మాత్రమే ఇతరులు ఎత్తుకొనిపోయి, నష్టము వచ్చు రూట్లను సంస్థకు విడిచినచో చివరకు నష్టపోవునది పల్లెయే. ఉమ్మడి కుటుంబములో సంపాదించు కుమారుడు వేరుపడినచో ముసలి తల్లిదండ్రుల పోషణ ఏమగునో, ఇచటను అంతే. మిగులు చాలనపుడు ప్రభుత్వ ఖజానా ఆ లోటును భరింపవలెను. అది దానము కాదు. పాఠశాలకు, ఆసుపత్రికి పెట్టు ఖర్చు వంటిది.

తెలంగాణములో మహాలక్ష్మి పథకము క్రింద 2023 డిసెంబరు 9వ తేదీన, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకము క్రింద 2025 ఆగస్టు 15వ తేదీన, పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము ప్రారంభమైనది. చేతిలో పైకము లేక ప్రయాణము మానుకొను స్త్రీకి ఇది గొప్ప ఊరట. కాని ఒక సంగతి గ్రహింపవలెను. టిక్కెట్టు ఖరీదు తగ్గుట ఒక మెట్టు, బస్సు వచ్చుట మరియొక మెట్టు. బస్సు రాని తండాలోని స్త్రీకి ఉచిత టిక్కెట్టు వలన ప్రయోజనము లేదు. బస్సు వచ్చు ఊరి స్త్రీకి, రాని ఊరి స్త్రీకి మధ్య అంతరము పెరుగకుండ చూచుటకు రెండవ సూత్రమగు కనీసపు పోక, రాక మరింత అవసరమైనది.

ఆరవ సూత్రము: బాధితుని మాట విని నిర్ణయించుట

ఈ సూత్రమునకు మూలమైన తీర్పు మన తెలుగు దేశపు బస్సులను గూర్చినదే యగుట విశేషము. 1939 నాటి మోటారు వాహనముల చట్టమునకు 1956లో చేర్చిన అధ్యాయము ప్రకారము, బస్సు రూట్లను ప్రభుత్వ సంస్థకు అప్పగించుటకు ముందు ఆక్షేపణలు గలవారికి తమ మాట చెప్పుకొను అవకాశమీయవలెను. కృష్ణా జిల్లా రూట్ల విషయములో బస్సు యజమానుల ఆక్షేపణలను రవాణా శాఖ బాధ్యత గల కార్యదర్శి వినెను. నిర్ణయము ముఖ్యమంత్రి చేసెను. 1958లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసినది. ఒకరు విని వేరొకరు నిర్ణయించినచో వినుట వట్టి లాంఛనమగునని ఆ తీర్పు సారాంశము.

ఆనాడు న్యాయస్థానమునకు పోయినవారు బస్సుల యజమానులు. వారికి వకీళ్లుండిరి. ఈనాడు ట్రిప్పు రద్దైనపుడు గూడెములోని కూలికి వకీలు లేడు. అతనికి ఉన్నది గ్రామసభయే. కావున బస్సు వేళలను, ఆగు స్థలములను గూర్చి తీర్మానము చేయుటకు ముందు ఆ సంగతి గ్రామసభలో పెట్టవలెను. శివారు ఆవాసములవారిని పిలిచి వినవలెను. తీర్మానము చేయు సభ్యులు స్వయముగా వినవలెను.

ఒక ఉదాహరణ

సూత్రములు చదువుటకు బాగుండును. పంపకమునకు దిగినపుడే కష్టము తెలియును. అందుచేత కల్పితమైన మూడు ఊళ్లను తీసికొందము. పట్టణము నుండి పెద్దూరు 12 కిలోమీటర్లు. పెద్దూరు దాటిన 4 కిలోమీటర్లకు నడిమూరు, అచటినుండి మరి 5 కిలోమీటర్లకు కొసగూడెము. పెద్దూరిలో 500, నడిమూరిలో 150, కొసగూడెములో 60 ఇండ్లు గలవు. ఉన్నది ఒకే బస్సు. అది దినమునకు 144 కిలోమీటర్లకు మించి తిరుగలేదు.

ఇపుడు బస్సు పెద్దూరి వరకే ఆరుసార్లు పోయి వచ్చుచున్నది. ఒకసారి పోయి వచ్చుటకు 24 కిలోమీటర్లు, ఆరింటికి 144. పెద్దూరివారు సుఖముగా ఉన్నారు. నడిమూరివారు 4, కొసగూడెమువారు 9 కిలోమీటర్లు నడచి బస్సెక్కుచున్నారు.

బస్సును ప్రతిసారి కొసగూడెము వరకు పంపినచో ఒక్క ట్రిప్పుకు 42 కిలోమీటర్లగును. మూడు ట్రిప్పులకు 126, నాలుగవదానికి చాలదు. ఆరు ట్రిప్పులు మూడైనవని పెద్దూరు ఆగ్రహించును. ఆ మూడింటిలో జనము కిక్కిరియును.

మూడవ మార్గము చూడుడు. కొసగూడెమునకు రెండు (84), నడిమూరికి ఒకటి (32), పెద్దూరికి ఒకటి (24). మొత్తము 140 కిలోమీటర్లు. ఈ పద్ధతిలో పెద్దూరికి నాలుగు, నడిమూరికి మూడు, కొసగూడెమునకు రెండు ట్రిప్పులు దక్కినవి. పెద్దూరు కోల్పోయిన రెండు ట్రిప్పులు మధ్యాహ్నము ఖాళీగా తిరుగునవైనచో దానికి కలుగు నష్టము స్వల్పము. కొసగూడెమునకు కలుగు లాభము మిక్కిలి గొప్పది.

దీనికి తోడు ఒక ఉపాయము కలదు. సాయంకాలము బస్సు కొసగూడెము చేరి, రాత్రి అచటనే నిలిచి, ఉదయము బయలుదేరునట్లు చేయవచ్చును. దీనిని నైట్ హాల్ట్ అందురు. సాయంకాలము రాక 21, ఉదయము పోక 21 - అనగా ఒక్క 42 కిలోమీటర్లతోనే కొసగూడెపు పిల్లలకు బడికి పోవుట, తిరిగి వచ్చుట రెండును సమకూరినవి. రెండవ ట్రిప్పు నడిపొద్దున రోగులకు, వృద్ధులకు ఉపయోగపడును. ఇందుకు డ్రైవరు, కండక్టరులకు రాత్రి పడుకొనుటకు గాలి, వెలుతురు గల గది, మంచినీరు, మరుగుదొడ్డి ఉండవలెను. ఈ మాత్రపు వసతి లేక నైట్ హాల్ట్ నిలిచిపోవుట న్యాయమా?

ఇచట పెద్దూరి సభ్యులకు ఒక పరీక్ష కలదు. తమ ఊరికి ఆరు నుండి నాలుగుకు తగ్గించుటకు చేయెత్తినచో ఓటర్లేమందురోయని వారికి శంక కలుగవచ్చును. ఖాళీగా తిరుగు ట్రిప్పులేవో లెక్క తీసి జనమునకు చూపినచో ఆ శంక తీరును. లెక్క లేని వాదము వైరమునకు దారితీయును. లెక్క గల వాదము ఒడంబడికకు దారితీయును.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది లెక్క. ఒక వారము దినములు ప్రతి ఆవాసములో ఇంటింటికి పోయి, ఎవరు ఎచటికి, ఏ వేళ, దేనిపై పోవుచున్నారు, ఎంత ఖర్చగుచున్నది, పోలేక మానుకొన్న ప్రయాణములేవి అని వ్రాసికొనవలెను. చివరి ప్రశ్న అన్నిటికంటె ముఖ్యము. బస్సెక్కినవారిని కండక్టరు లెక్కించును. ఎక్కలేకపోయినవారిని పంచాయతీయే లెక్కింపవలెను.

రెండవది దారి. రోడ్డుపైకి పెరిగిన తుమ్మ కంపను కొట్టించుట, గండ్లు పూడ్పించుట, కల్వర్టులను సరిచూచుట, బస్సు తిరుగుటకు స్థలము చూపుట, కోతల కాలములో రోడ్డుపై ధాన్యము ఆరబోయకుండ కళ్లములకు వేరు చోటు ఏర్పరచుట - ఇవన్నియు మన పనులు. దారి బాగులేదను కారణముచే బస్సు నిలిచినచో, ఆ కారణమును తొలగించిన తరువాతనే డిపోకు పోవలెను.

మూడవది ఆగు స్థలము. నీడ, దీపము, కూర్చుండుటకు అరుగు, వేళలు పెద్ద అక్షరములలో వ్రాసిన పలక ఉండవలెను. దీపము లేని చోట సాయంకాలపు బస్సు దిగుటకు స్త్రీలు భయపడుదురు.

నాలుగవది తీర్మానము. గ్రామసభలో చర్చించి, లెక్కను జతపరచి, కోరిన వేళలను స్పష్టముగా వ్రాసి డిపో మేనేజరుకు ఈయవలెను. ఒకే రూటులోని మూడు నాలుగు పంచాయతీలు కలిసి ఉమ్మడిగా అడిగినచో బలము హెచ్చును, ఒక ఊరి లాభము మరియొక ఊరి నష్టము కాకుండును.

ఐదవది మన కర్తవ్యము. బస్సు అడిగి వేయించుకొని, అది వచ్చు ముందు ఆటో ఎక్కి పోవుట తగదు. ఖాళీ బస్సు ఎన్నాళ్లో నిలువదు. మూడు నెలలకొకసారి సభ్యులు బస్సులో ప్రయాణించి, వేళకు వచ్చుచున్నదా, అందరికి ఆగుచున్నదా యని చూచి సభకు తెలుపవలెను.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన పంచాయతీలోని ఆవాసములలో బస్సుకు మిక్కిలి దూరముననున్నది ఏది? అచటివారు ఎంత దూరము నడచుచున్నారు?

2. ఎనిమిదవ తరగతి పైన చదువు బాలికలలో ప్రయాణము కుదరక బడి మానినవారు గలరా? వారికి ఏ వేళ బస్సు ఉండినచో చదువు సాగియుండెడిది?

3. చివరి బస్సు వెళ్లిన తరువాత ఎవరికైన జబ్బు చేసినచో ఆ యింటివారు ఏమి చేయుదురు?

4. బస్సు ఆగు స్థలమును ఎవరు నిర్ణయించిరి? వృద్ధులు, వికలాంగులు, శివారు వాడలవారు అచటికి సులభముగా చేరగలుగుచున్నారా?

5. మన ఊరికి వచ్చు ట్రిప్పులలో ఒకటి పొరుగు తండాకు పొడిగించినచో మనకు కలుగు అసౌకర్యమెంత? వారికి కలుగు మేలెంత?

ఐదవ ప్రశ్నకు వచ్చు జవాబును బట్టియే మనము సమన్యాయమును ఎంతవరకు కోరుచున్నామో తెలియును. మనకు కావలసినదానిని అడుగుట సులభము. మనకంటె ఎక్కువ అవసరము గలవారికి మనదానిలో ఒక పాలు విడుచుట కష్టము. ఆ పాలు విడిచిన పంచాయతీ మాటకు డిపోలోను, జిల్లాలోను విలువ పెరుగును. అంతకంటె ముఖ్యముగా, రేపు ఉదయము కొసనున్న గూడెములో ఒక బాలిక పుస్తకముల సంచి పుచ్చుకొని, తన వాకిటి ముందే బస్సెక్కును.